ఈసీజీలో ఏమీ లేదన్నారు

2025 జూన్‌లో తోతాపురి మామిడి రైతుల గతి ఏమైందో చిత్తూరు జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అని ప్రకటించారు. రేటు సంగతి తర్వాత, కాయ దింపుకునే దిక్కే లేదు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలో నేనూ పడిగాపులు కాశాను.

ఆ రాత్రి ట్రాలీ కింద టార్పాలిన్ పరుచుకుని పడుకున్నాను. అడుగు కాయలు మెత్తబడి, రసం చుక్కచుక్కగా నా చొక్కా మీద పడుతోంది. ఒకటే పులిసిన వాసన. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. పోతున్నాననే అనుకున్నాను. ముందు ట్రాక్టర్ అన్న నన్ను లేపి కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. తర్వాత నా బండిని కూడా వరుసలో జరుపుకుంటూ పోయి కాయ దింపించాడట.

ఆస్పత్రిలో ఈసీజీ బాగుందన్నారు. డ్యూటీ డాక్టరు సెల్‌ఫోన్ చూసుకుంటూ, "కాయ రేటు పడితే గుండెపోటు వస్తుందా? పోయి పొలం పని చూసుకో, నిద్ర అదే వస్తుంది" అని నవ్వాడు. పొలం పని చూసుకోబట్టే కదా సామీ, నీ మంచం మీదికొచ్చింది!

ఆ తర్వాత గ్యాస్ బిళ్లలు, ఆర్‌ఎంపీ సెలైన్లు, తాయత్తు. అమ్మ బోయకొండ గంగమ్మకు మొక్కుకుంది. పొద్దు వాలితే భయం. పాలు పితుకుతుంటే ఊరికే కన్నీళ్లు. ఉండి ఏం లాభం అనే మాట లోపల తిరుగుతూనే ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ మాత్రం ఒకరోజు పురుగుమందు డబ్బాలన్నీ గోతంలో వేసి, వాళ్ల అన్న ఇంట్లో పెట్టొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను అరుస్తున్నా ఆమె ఒక్క మాట తిరిగి అనలేదు.

ఆ బావే నన్ను తిరుపతి రుయా ఆస్పత్రికి తీసుకుపోయాడు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు పిల్లకు సంబంధాలు రావాలా వద్దా?" అని మా నాయన బస్సెక్కేదాకా గొడవ. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, జ్వరముందా అన్నంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?" అని అడిగింది. అన్నాళ్లూ ఎవరూ అడగని మాట అది. ఏడ్చేశాను.

డిప్రెషన్ అంది. ఆ రాత్రి వచ్చింది పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి భయం ముంచెత్తడం అంది. మందు పట్టడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు, బాగయిందని మీ అంతట మీరు ఆపొద్దు అని మరీమరీ చెప్పింది. అలాగే జరిగింది. ఒకరోజు సంగట్లోకి చెనిక్కాయల ఊరిబిండి ఇంకొంచెం వేయమన్నాను. మా ఆవిడ వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

గంగమ్మే దారి చూపింది అంటుంది అమ్మ. కాదనడానికి నేనెవర్ని? కాణిపాకం కూడా పోయొచ్చాం.

ఇంట్లో మనిషి ముభావంగా తిరుగుతుంటే ముందు ఆ పురుగుమందు డబ్బాలు తీసేయండి, బుద్ధులు తర్వాత చెప్పొచ్చు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సాయం టెలి మానస్ ఉంది, 14416కు అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

బీపీ, షుగర్ బిళ్లలు మా ఊరి పీహెచ్‌సీలో ఇస్తారు. నావి ఉండవు. వాటికోసం తిరుపతి పోతే ఛార్జీలు, ఆ రోజు పని రెండూ పోతాయి. మొన్న అడిగితే, "ఆ మందులు ఇక్కడ ఎవరడుగుతారన్నా?" అన్నారు. నేనే అడుగుతున్నా కదమ్మా, రాసుకో అన్నాను.