కండరానికి రంగేసి చదివే పని

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి సెలవుకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, ఇంగ్లండ్‌లో నువ్వు చేసేదేంటి బాబూ అని. హాస్పిటల్ ల్యాబ్ అంటే రక్తపరీక్షలు అనుకుంటారు. కాదు. రోగి తొడలోంచి తీసిన చిన్న కండర ముక్కని గడ్డకట్టించి, పల్చగా కోసి, అందులో ఉన్న ఎంజైముల చేతే రంగు పుట్టించి, ఏ ఫైబర్ (కండరపు పోగు) ఏ రకానిదో తేల్చడం నా ఉద్యోగం. ఇంతకంటే అందమైన పరీక్ష నాకు తెలీదు, అందుకే ఒకసారి తీరిగ్గా రాస్తున్నాను.

మొన్న పిన్నితో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. ట్యూనా కోయిస్తూ పిన్ని "ఆ నల్లకండ తీసెయ్ అమ్మీ, నీసొస్తాది" అంది. కోసే ఆవిడ కత్తి ఆపి "అందులోనే కదా తల్లీ బలం, పారేత్తారేటి?" అంది. ఆవిడన్నది నిజం. ఆ ముదురు ఎరుపు కండలో ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్, రక్తనాళాలు, కణంలో శక్తి పుట్టించే మైటోకాండ్రియా దండిగా ఉంటాయి, చేప అలసిపోకుండా గంటల తరబడి ఈదేది దాంతోనే. చుట్టూ ఉన్న లేత రంగు కండ, ఒక్కసారిగా దూసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది, తొందరగా అలిసిపోతుంది. కానాగడతల్లో ఆ ఎర్ర కండ చర్మం కిందే పక్కన చారలా కనిపిస్తుంది, ట్యూనాలో లోపలికి, వెన్నెముక దగ్గరికి ఉంటుంది, అందుకే ట్యూనా ఆ కండని చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంచుకోగలదు.

అంటే చేపలో ఎర్ర కండనీ తెల్ల కండనీ కత్తితోనే విడదీయొచ్చు. మనిషిలో కుదరదు. మన తొడ కండరంలో నెమ్మది ఫైబర్లూ వేగం ఫైబర్లూ పక్కపక్కనే కలిసిపోయి ఉంటాయి, మామూలు రంగు వేస్తే అన్నీ ఒకేలా గులాబీ రంగులో కనిపిస్తాయి. అదే ఎంజైమ్ రంగు వేస్తే గళ్ళ లుంగీ పరిచినట్టు నల్లవీ తెల్లవీ విడివడి బయటపడతాయి. మొదటిసారి మైక్రోస్కోప్‌లో అది చూసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు నేను.

ఎర్ర కండరాలు నెమ్మదిగా, తెల్లవి వేగంగా ముడుచుకుంటాయని ఫ్రాన్స్‌లో రాన్వియే 1873లోనే చూపించాడు. మన దేశంలో బరోడాలో జె.సి. జార్జ్ బృందం 1950ల్లో పావురం రొమ్ము కండరంలో రెండు రకాల ఫైబర్లని ఎంజైములతో, కొవ్వుతో, గ్లైకోజెన్‌తో పట్టి చూసింది. ఈ సంగతి అక్కడ మా ల్యాబ్‌లో చాలామందికి తెలీదు, నేనే పనిగట్టుకుని చెబుతాను. 1967లో బారానీ, మయోసిన్ అనే ప్రోటీన్ ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువుని) ఎంత వేగంగా విరగ్గొడితే కండరం అంత వేగంగా ముడుచుకుంటుందని తేల్చాడు. 1970లో బ్రూక్, కైజర్ ఇచ్చిన పద్ధతి మీదే మా పని ఇప్పటికీ నడుస్తోంది.

ఇక పని. ముక్క ఫార్మలిన్‌లో పడకూడదు, పడితే ఎంజైములు చచ్చిపోతాయి. సెలైన్‌తో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి ఆపరేషన్ థియేటర్ నుంచి పంపిస్తారు. దాన్ని నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే చుట్టూ ఆవిరి పొర కట్టి నెమ్మదిగా గడ్డకడుతుంది, మంచు స్ఫటికాలు పెరిగి ఫైబర్లకి చిల్లులు పడతాయి. అందుకే ముందు ఐసోపెంటేన్‌ని నైట్రోజన్‌తో మైనస్ 160 డిగ్రీల దగ్గరికి చల్లార్చి అందులో ముంచుతాం. తర్వాత మైనస్ 20 డిగ్రీల క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన ముక్కని కోసే చల్లటి యంత్రంలో) 10 మైక్రాన్ల మందాన కోస్తాం.

కోసిన వాటిని మూడు రకాల ద్రావణాల్లో ముందుగా నానబెడతాం, వాటి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం) 9.4, 4.6, 4.3. అసలు గుట్టంతా ఇక్కడే. ఆమ్లం ఎక్కువైతే వేగం ఫైబర్ల మయోసిన్ పనిచేయడం మానేస్తుంది, నెమ్మది ఫైబర్లది తట్టుకుంటుంది. క్షారంలో దీనికి తలకిందులు. తర్వాత ఏటీపీ, కాల్షియం ఇస్తే, పనిచేసే ఎంజైమ్, అంటే మయోసిన్, ఉన్నచోట ఫాస్ఫేట్ విడిపోయి కాల్షియంతో కలిసి అక్కడే పేరుకుంటుంది. కాల్షియం స్థానంలోకి కోబాల్ట్‌ని ఎక్కించి, చివర అమ్మోనియం సల్ఫైడ్ వేస్తే నల్లటి కోబాల్ట్ సల్ఫైడ్! కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా చేయకూడదు. 4.3 దగ్గర నల్లగా వచ్చినవి నెమ్మదివి, 9.4 దగ్గర నల్లబడ్డవి వేగం రకం. 4.6 దగ్గర ఆ వేగం వాటిలో కూడా రెండు తెగలు విడిపోతాయి, పీహెచ్ కాస్త అటూ ఇటూ అయితే ఆ తేడా పోతుంది.

నాకు ఇది నేర్పినాయన రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉండేవాడు. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి, మా నాన్న వయసు మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాక సర్ అనేవాణ్ణి, ఆయనకి అది నచ్చేది కాదు, నేను మానలేదు. అక్కడి కుర్రాళ్ళు యాంటీబాడీల వైపు, జీన్ పరీక్షల వైపు వెళ్ళిపోయారు. ఈ పని నేర్చుకోవడానికి మిగిలింది నేనూ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకమ్మాయీ. యాంటీబాడీ వెతికిన ప్రోటీన్‌ని అంటుకుని, అది ఉందా లేదా చెబుతుంది, అది కచ్చితమైనదే, నేను కాదనను. కానీ ఎంజైమ్ రంగు, ఆ ఎంజైమ్ పనిచేస్తోందా లేదా చెబుతుంది. మైటోకాండ్రియా జబ్బుల్లో కాక్స్, ఎస్‌డీహెచ్ అనే రెండు మైటోకాండ్రియా ఎంజైముల రంగులు కలిపి వేస్తే, కాక్స్ పోయిన ఫైబర్లు గోధుమరంగుకి బదులు నీలంగా మిగిలిపోతాయి. ఒక్కోసారి చంటిపిల్లల ముక్కలు వస్తాయి. పేరుండదు, నంబరే. ఆ రోజు ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

ఫైబర్ ఏ రకమో నిర్ణయించేది దానికొచ్చే నరం. 1960లో బుల్లర్, ఆయనతో పాటు ఎకిల్స్ తండ్రీ కూతుళ్ళు, పిల్లుల్లో నరాలు మార్చి కలిపి, కండరాల వేగం మారుతుందని చూపించారు. అందుకే మనిషిలో ఒక నరం చచ్చిపోయి పక్క నరం ఆ ఫైబర్లని దత్తత తీసుకుంటే గళ్ళు చెరిగిపోయి ఒకే రకం గుంపులుగా తయారవుతాయి. స్లయిడ్ చూడగానే జబ్బు నరానిదా, కండరానిదా అన్నదానికి దారి దొరుకుతుంది.

మా వీధిలో ఒకాయన కాళ్ళు చచ్చుబడిపోతుంటే ఇక్కడ చాలాకాలం నరాల బలహీనత అని బీ12 ఇంజెక్షన్లే పొడిచారు. చివరికి బయాప్సీ కోసం హైదరాబాద్ వెళ్ళాల్సొచ్చింది. ముక్కని ఇక్కడే సరిగ్గా గడ్డకట్టించి డ్రై ఐస్‌లో పంపగల మనిషి ఉంటే, రోగి రైలెక్కక్కర్లేదు, ముక్కే వెళ్తుంది. దానికి ముందు కావలసింది ఐసోపెంటేన్, లిక్విడ్ నైట్రోజన్, చెయ్యి తిరిగిన టెక్నీషియన్.

ఏయూలో జువాలజీ చదివే మా చెల్లి, ఇదంతా చేపల మీద చేయొచ్చా అన్నయ్యా అని అడిగింది. చేయొచ్చు. కాకపోతే మనిషికి కుదిరిన పీహెచ్ చేపకి కుదరదు, ఒక్కో జాతికి వెతుక్కోవాలి. ఎస్‌డీహెచ్‌తో మొదలుపెట్టమన్నాను. సక్సినేట్, నైట్రోబ్లూ టెట్రజోలియం చాలు, ఎర్ర కండ నీలంగా వస్తుంది, తెల్లది దాదాపు అలాగే ఉండిపోతుంది. కానాగడత తెచ్చుకుంటానంది, వేట నుంచి పడవ రాగానే తీసుకోమన్నాను, ఐసులో పెట్టి అమ్మేది వద్దని.