మోటుపల్లి స్తంభం

గుంటూరులో ఎవరైనా బీచ్‌కి వెళ్దాం అన్నారంటే సూర్యలంకకనే అర్థం. మా ఇంట్లోనూ అంతే. పొద్దున్నే బయల్దేరి పొన్నూరు, బాపట్ల మీదుగా వెళ్ళడం, పిల్లలు అలిసిపోయేదాకా నీళ్ళలో ఆడడం, చీకటి పడేలోగా ఇంటికి రావడం. మొన్న సంక్రాంతి సెలవుల్లో మాత్రం ఈసారి మోటుపల్లి చూడాల్సిందేనని నాన్న పట్టుబట్టారు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు పాఠంలో చెప్పిన ఊరిని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదట.

బాపట్లలో భావనారాయణస్వామి దర్శనం చేసుకున్నాం. ప్రదక్షిణ చేసేటప్పుడు తలెత్తి చూడండి, గర్భగుడి విమానం వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. చీరాలలో టిఫిన్, వేటపాలెంలో జీడిపప్పు. ఆ తర్వాత చినగంజాం వైపు.

మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవంటే నమ్మబుద్ధి కాదు. కాకతీయుల కాలంలో ఇది వాళ్ళ ముఖ్యమైన రేవు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ సీమనే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందన్నాడు. దారిలో చీరాల మగ్గాల చప్పుడు విని వచ్చామేమో, ఆ మాట మాకు చాలా దగ్గరగా అనిపించింది.

వీరభద్రస్వామి గుడిలో ఉంది మేం వెతుక్కుంటూ వెళ్ళిన స్తంభం. కాకతీయ రాజు గణపతిదేవుడి అభయశాసనం, 1244-45 నాటిది. నాన్న చెప్పులు విడిచి, కళ్ళజోడు తుడుచుకుని, రాతికి వేలు తగలకుండా గాల్లోనే ఒక్కో అక్షరం వెంట పోనిచ్చారు. అరిగిన చోట మొబైల్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే గీతలు పైకి తేలాయి. మా పాప రెండు మూడు అక్షరాలు గుర్తుపట్టి ఎగిరి గంతేసింది.

ఆ శాసనం సంగతి నాన్న అక్కడే అరుగు మీద కూర్చుని చెప్పారు. వేరే దేశానికి పోతున్న ఓడ తుపానుకి కొట్టుకొచ్చి ఈ ఒడ్డున పగిలితే, అంతకుముందు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని అంత సాహసం చేసి సముద్రం మీద వచ్చిన వాళ్ళ సొమ్ము మేం ముట్టం, సుంకం తప్ప మిగిలిందంతా వాళ్ళకే వదిలేస్తున్నాం అని గణపతిదేవుడు రాయించాడు. సుంకం ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, ఒక్కోదానికి లెక్క ఉంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. నాకు ఇదంతా స్కూల్లో ఒక మార్కు ప్రశ్న. ఆ రాయి ముందు నిలబడ్డాకే ఎంత పెద్ద మాటో తెలిసింది. అన్నీ పోగొట్టుకుని ఒడ్డున పడ్డవాడికి, నీది నీకే అని చెప్పడం!

సాయంత్రం వాడరేవులో ఆగాం. పిల్లలు అలల్లోకి పరిగెత్తారు. ఫైబర్ పడవ నీడలో ఒక పెద్దాయన తెగిన వల బాగుచేసుకుంటున్నాడు. సూదితో నైలాన్ దారం దూర్చి, బొటనవేలికి మెలేసి, ముడి బిగించి, కన్ను తర్వాత కన్ను. నాన్న పక్కనే ఇసుకలో కూర్చుని శాసనం సంగతి ఆయనకీ చెప్పారు.

"పగిలిన ఓడలో సరుకు కూడానా బాబూ?" అన్నాడాయన, చేయి ఆపి.

"అదీ వాళ్ళకే."

"మొన్న తుపానుకి నా వలలు రెండు కొట్టుకుపోయినయ్యి" అన్నాడు. కాసేపాగి, "ఆ రాయి ఏ ఊళ్ళో ఉందన్నారు?" అని అడిగాడు. నాన్న దారి చెబుతుంటే ఇసుక మీద వేలితో గీసుకుని చూసుకున్నాడు.