చూడడం వేరు, లెక్కపెట్టడం వేరు

తేనెటీగల పెట్టె మూత తీసి, చట్రాలను ఒక్కొక్కటిగా పైకెత్తి, ఈగలకు పట్టే పరాన్నజీవులైన వరోవా నల్లులు వాటి వీపుల మీద ఎర్రటి చుక్కల్లా ఎక్కడా కనబడలేదు కదా అని తృప్తిపడి మళ్ళీ మూత పెట్టేయడమే తనిఖీ అని నేను చాలాకాలం నమ్మాను. అలా నమ్మి వదిలేసిన పెట్టెల్లో ఒకటి కొద్ది వారాలకే ఖాళీ అయిపోయింది. ముడతలు పడిన రెక్కలతో, ఎగరలేక, ద్వారం ముందు నేల మీద పాకుతున్న పడుచు ఈగలను చూశాక గానీ నా తప్పు నాకు తెలియలేదు.

వరోవా నల్లి వెడల్పు దాదాపు 1.6 మిల్లీమీటర్లు. ఇది ఎక్కువగా ఈగ పొట్ట కింది పొరల మధ్య దూరి, అక్కడి కొవ్వు కణజాలాన్ని తింటూ, రెక్కలను వంకరచేసే వైరస్‌ను ఎక్కిస్తుంది. పైగా గూట్లో పిల్లలు పెరుగుతున్నంత కాలం నల్లుల్లో అధికభాగం ఆ పిల్లలు పెరిగే మూసిన అరల లోపలే ఉంటాయి కనుక, పైకి కనబడే ఒక్క నల్లి వెనుక కనబడనివి ఎన్నో ఉన్నాయని అనుకోవాలి. ఆసియా తేనెటీగ గూళ్ళలో ఇది ముఖ్యంగా పోతుటీగల (మగ ఈగల) అరల్లోనే సంతానాన్ని కంటుంది. మెల్లిఫెరా, అంటే యూరోపియన్ తేనెటీగ, గూళ్ళలో కూలి ఈగల అరలనూ వదలదు. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

అందుకే ఇప్పుడు నెలకొకసారి లెక్కపెడతాను. పిల్లలున్న చట్రం మీద రాణి లేదని రెండుసార్లు నిర్ధారించుకున్న తరువాత, అరకప్పు ఈగలను, అంటే సుమారు 300 ఈగలను, జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులిపి, రెండు చెంచాల పంచదార పొడి వేసి, ఒక నిమిషం నెమ్మదిగా దొర్లించి, కాసేపు ఆగి, తెల్లటి పళ్ళెం మీద తలకిందులుగా కుదుపుతాను. పళ్ళెంలో నీళ్ళు చిలకరిస్తే పంచదార కరిగిపోయి, ఎర్రటి గోధుమరంగు నల్లులు కాళ్ళు కదుపుతూ విడివిడిగా తేలతాయి. 9 కనబడితే నూటికి 3 అన్నమాట. నూటికి 2 దాటితేనే నేను మందు గురించి ఆలోచిస్తాను, 3 దాటితే ఇక ఆలస్యం చేయను.

పంచదార పద్ధతిలో ఈగలు బతికి గూటికి చేరతాయి, కానీ గాలిలో తేమ ఉంటే పొడి ముద్దకట్టి లెక్క తక్కువ వస్తుంది. ఆల్కహాల్‌తో కడిగితే లెక్క మరింత నిక్కచ్చిగా ఉంటుంది, కానీ ఆ 300 ఈగలు చనిపోతాయి. నాకు ఇప్పటికీ మనసొప్పదు. అయినా వేల ఈగల గూడు మొత్తం పోవడంకంటే అది చిన్న నష్టమేనని, అనుమానం బలంగా ఉన్నప్పుడు ఆ పనీ చేస్తాను.

మందు వేసిన తరువాత కూడా మళ్ళీ లెక్కపెట్టాలి. నల్లులకు మందుగా వాడే ఆక్సాలిక్ ఆమ్లం మూసిన అరల్లోకి చొరబడదు. లోపల మిగిలిన నల్లులు కొత్త ఈగలతోపాటు బయటికి వస్తాయి. కూలి ఈగ అర మూత పడ్డాక సుమారు 12 రోజులకు, పోతుటీగది ఇంకొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది కనుక, రెండు వారాలు దాటాక నేను మళ్ళీ ఆ సీసా, ఆ తెల్ల పళ్ళెం తీస్తాను.