పక్క మండలంలో ఉన్న గోలీలు మనకెందుకు రావు?

మా వైపు పీహెచ్‌సీలో బీపీ గోలీలు అడిగితే "స్టాక్ అయిపోయిందమ్మా, వచ్చే వారం రా" అనే మాట వినీ వినీ విసుగొస్తోంది. మా వీధిలో ఒక పెద్దమ్మ షీటులో మిగిలిన నాలుగు గోలీలను రోజు విడిచి రోజు వేసుకుంటోంది, ఎందుకమ్మా అంటే "మళ్లీ ఎప్పుడిస్తరో ఏమో బిడ్డా" అంది. బీపీ గోలీ అట్లా మానేస్తే పక్షవాతం దాకా పోవచ్చు. అదే గోలీ పక్క మండలంలో అట్టపెట్టెల్లో ఉండి ఎక్స్‌పైరీకి దగ్గరపడుతూ ఉండొచ్చు, అదే నాకు బాధ.

మన తెలంగాణలో ప్రభుత్వ దవాఖానల మందులను టీజీఎంఎస్ఐడీసీ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కొంటుంది, అవి సెంట్రల్ మెడిసిన్ స్టోర్లకు చేరతాయి, ఫార్మసిస్టులు ఇండెంట్ పెడితే, అంటే ఇన్ని కావాలని రాసి పంపితే, అక్కడి నుంచి దవాఖానలకు వస్తాయి. ఎక్కడ తేడా కొడుతుందో చూడండి. ఒక పీహెచ్‌సీలో నెలకు 3,000 ఆమ్లోడిపిన్ అనే బీపీ గోలీలు పోతాయనుకోండి, మూడో నెల స్టాకే రాలేదు కాబట్టి వాడకం సున్నా అని పడింది, మూడు నెలల సగటు తీస్తే 2,000 వస్తుంది, ఆ లెక్కతో ఇండెంట్ పెడితే ఈసారి ఇంకా ముందే అయిపోతాయి! కొరతే మళ్లీ కొరతను తెస్తుంది. స్టాక్ లేని రోజులను తీసేసి సగటు కట్టాలి, ఇది పెద్ద ఖర్చున్న పని కూడా కాదు.

తమిళనాడులో 1994లో పెట్టిన టీఎన్‌ఎంఎస్‌సీ అనే ప్రభుత్వ మందుల సంస్థ ఒక్కో దవాఖానకు పాస్‌బుక్ ఇస్తుంది, అందులో ఉన్న మొత్తం మేరకు తమకు కావాల్సిన మందులు జిల్లా గోదాం నుంచి తెచ్చుకుంటారు. మనకు మందుల స్టాక్ కంప్యూటర్‌లో చూపించే ఈ-ఔషధి ఉంది కదా, ఎక్కడ మిగిలిందో దాంట్లో చూసి పక్క పీహెచ్‌సీకి వెంటనే పంపించే అధికారం కింది స్థాయిలోనే ఉండాలి, సంతకాల కోసం ఫైలు తిరిగేలోపు నెల గడిచిపోతుంది. ములుగు జిల్లా అడవుల్లోని ఏటూరునాగారం వైపైతే వానాకాలానికి ముందే పాముకాటు, మలేరియా మందులు ఎక్కువగా దించాలి, 2023 జూలైలో అక్కడి జంపన్నవాగు పొంగి ఊళ్లకు దారులు తెగినప్పుడు ఏం జరిగిందో మనందరికీ తెలుసు.

గోలీలు పూర్తిగా అయిపోయేదాకా ఆగకుండా, ఇంకా వారానికి సరిపడా ఉండగానే దవాఖానకు వెళ్లండి. లేవంటే మానేయకుండా డాక్టర్ రాసిన చిట్టీ పట్టుకుని, తక్కువ ధరకు మందులమ్మే జన ఔషధి దుకాణంలో అడగండి. ఇండెంట్ ఎంత పెట్టారు, ఎంత వచ్చింది అని మాత్రం ఫార్మసిస్టును అడిగే రండి, కోపంగా వద్దు, పైనుంచి రాకపోతే ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు.