పప్పు మరక

నిన్న గృహప్రవేశం భోజనానికి వెళ్ళి ఆయన తెల్ల చొక్కా మీద పప్పు ఒలకబోసుకొచ్చారు. పొద్దున్నే బకెట్ దగ్గర కూర్చుని బట్టల సబ్బు అలా రుద్దానో లేదో, పసుపు మరక కాస్తా ఎర్రగా తేలింది. చెయ్యి ఎక్కడైనా తెగిందేమోనని చూసుకున్నాను కూడా.

వసారాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య ఓ చూపు చూసి, "దిష్టినీళ్ళు ఎరగవా ఏంటమ్మా? పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ!" అన్నారు. నిజమే. కొత్త కోడలిగా ఈ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు నాకు తిప్పిన పళ్ళెంలోవీ అవే నీళ్ళు. ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తాయని పదో తరగతిలో బట్టీపట్టి మార్కులైతే తెచ్చుకున్నాను గానీ, లిట్మస్ కాగితం చేత్తో పట్టుకున్న గుర్తే లేదు.

మావాడికి ఇప్పుడు అదే పాఠం నడుస్తోంది. కాగితం ముక్కలకు పసుపు ముద్ద పూసి ఎండబెట్టుకుని వంటింటి మీద పడ్డాడు. సబ్బునీళ్ళకీ, తాంబూలం సున్నానికీ, వంటసోడాకీ కాగితం ఎర్రబడింది. నిమ్మరసానికీ, చింతపండు పులుసుకీ, ఉప్పునీళ్ళకీ ఉలుకూ పలుకూ లేదు. అంటే పసుపు క్షారాన్ని పట్టిస్తుందే తప్ప, పులుపుకీ ఉప్పునీళ్ళకీ తేడా చెప్పలేదన్నమాట. పెరట్లో మందారాలు కోసి వేడినీళ్ళలో నానేశాం. ఆ రసంలో నిమ్మచెక్క పిండితే ముదురు గులాబీ, సోడా వేస్తే ఆకుపచ్చ. ఉప్పు వేస్తే ఎక్కడిదక్కడే.

అప్పుడడిగాడు: "అమ్మా, ఉప్పూ లవణమే, వంటసోడా కూడా లవణమే అని పుస్తకంలో ఉంది. మరి సోడాకే ఎందుకు రంగు మారింది?"

పోపు మాడుతోందని తప్పించుకుని, చారు దించేలోపు ఆలోచించుకుని చెప్పాను. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని పొగరు ఒకటి అణుచుకుంటే మిగిలేవి లవణం, నీళ్ళు. దాన్నే తటస్థీకరణం అంటారు. ఉప్పుకి తండ్రి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తల్లి సోడియం హైడ్రాక్సైడ్. ఇద్దరూ గట్టివాళ్ళే, అందుకని పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, నడిమధ్య 7 దగ్గర సరిపోయింది. 7 దాటితే క్షారం వైపన్నమాట. వంటసోడాకీ తల్లి ఆవిడే. తండ్రి మాత్రం కార్బోనిక్ ఆమ్లం, గోలీసోడాలో ఉండేదే, మహా మెతక. అందుకే తల్లి పోలిక పైచేయి అయి పీహెచ్ 8 దాటుతుంది.

"మనింట్లోలాగే" అన్నాడు వెధవ. అత్తయ్య చిక్కుళ్ళు పక్కన పెట్టి మరీ నవ్వారు.

చొక్కా సంగతి చెప్పలేదు కదూ. నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్ళీ పసుపైంది. మరక పోలేదు, రంగు మార్చుకుందంతే. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ ఎండకి ఆగదు కాబట్టి మేడ మీద తీగకి వేశాను. సాయంత్రానికి సగం వెలిసింది. ఆయన వచ్చి చొక్కా చేతిలోకి తీసుకుని, "ఈ నిమ్మకాయ వాసనేంటి?" అన్నారు.