నీళ్ల సీసాలో శానిటైజర్

2021 జూన్‌లో లాక్‌డౌన్ ఎత్తివేశాక, కోఠిలో నేను పనిచేసే బట్టల దుకాణం మళ్లీ తెరిచారు. ఎవరో పెద్ద డబ్బాలోని శానిటైజర్‌ను ఖాళీ నీళ్ల సీసాలోకి వంపి గల్లా పక్కన పెట్టారు. కొవిడ్ తగ్గినా నాకు వాసన ఇంకా తెలియడం లేదు. బేరాలతో గొంతెండిపోయి, ఆ సీసా ఎత్తి గటగటా మింగాను. గొంతు నుంచి పొట్ట దాకా భగ్గుమంది.

ఉప్పునీళ్లు తాగించి కక్కించాలన్నారు ఒకరు. మరొకరు వద్దని ఆటో ఎక్కించారు. వారే నయం. మత్తు కమ్ముతుండగా వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న, ‘ఎందుకు తాగారు?’ విషం కేసు కాబట్టి పోలీసులకు కబురు వెళ్లింది. కానిస్టేబులూ అదే అడిగాడు. అంతకు ముందు ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి కొందరు చనిపోయారు. అందరి కళ్లకూ నేను ఆ బాపతే. మా అత్తగారు మాత్రం ఏమీ అడగలేదు. అదే ఎక్కువ బాధించింది.

డాక్టరుగారు మాత్రం డబ్బా మీది చీటీ ఫోటో తెప్పించమన్నారు. మద్యంలో ఉండే ఇథనాల్ అయితే మత్తు, వాంతులు, రక్తంలో చక్కెర పడిపోవడం. కల్తీ సరుకులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే కథ వేరు. మొదట కొన్ని గంటలు మనిషి బాగానే కనిపిస్తాడు. ఈలోగా కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణమే తీయవచ్చు. అందుకే తేరుకున్నా నన్ను ఇంటికి పంపలేదు. రక్తంలో ఆమ్లం పెరుగుతోందేమోనని మళ్లీ మళ్లీ పరీక్షించారు. చూపు మసకబారుతోందా అని నర్సు అడిగినప్పుడల్లా గోడ మీది క్యాలెండరులో తిథులు చదివి వినిపించేవాణ్ని. మిథనాల్ కాదని తేలాకే నిద్రపట్టింది.

ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని కూడా అడిగారు. ఉంది, మూడేళ్ల పాప. పసివాళ్లకు కొద్దిపాటి గుక్కకే చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చన్నారు. ఆ సాయంత్రమే ఫోను చేసి, ఇంట్లోని సీసాను బీరువా పైకి ఎక్కించాను.

పొట్టలో మంట తగ్గడానికి చాలా రోజులు పట్టింది. కొత్త ఆవకాయ జాడీ ఎదురుగా పెట్టుకుని చప్పటి పెరుగన్నం తినడం కూడా ఒక శిక్షే!

దుకాణంలో ఇప్పుడు పంపు సీసా వాడుతున్నారు, మీద ఎర్ర అక్షరాలతో పేరుంది. ఆ రోజు నీళ్ల సీసాలో పోసింది ఎవరని మాత్రం ఇప్పటికీ ఎవరూ అడగలేదు.