రంపం వెనక రేకు: యానిమేషన్ పని ఎంతవరకు వచ్చిందంటే

మొదటి ఆదివారం

రంపం బ్లేడు వెనక పెట్టే రక్షణ రేకు ఎలా పనిచేస్తుందో చూపించే యానిమేషన్ వీడియో ఒకటి మావయ్య కోసం చేస్తున్నాను. విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లే దూరంలోనే మావయ్య వడ్రంగి కొట్టు. ఆయన టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే కోత మిషన్) బజార్లో కొన్నది కాదు, కట్టించుకున్నది. యాంగిల్ ఇనుముతో ఫ్రేము, పైన దళసరి రేకు బల్ల, కింద 2 హెచ్‌పీ మోటారు. మోటారుకి 6 అంగుళాల పుల్లీ, బ్లేడు షాఫ్టుకి 4 అంగుళాలది. మోటారు 2880 తిరిగితే బ్లేడు నిమిషానికి 4320 చుట్లు తిరుగుతుంది. బ్లేడు 10 అంగుళాలు, 40 పళ్లు. లెక్క వేస్తే పంటి చివర వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ మాట చెప్తే మావయ్య "అంతుంటాదేటి" అని మళ్లీ పనిలో పడిపోయాడు.

మొన్న వానల్లో పచ్చి మామిడి పలక కోస్తుంటే, సగం కోతలో అది వెనక్కి తన్ని ఆయన తుంటి మీద కొట్టింది. ఎముక విరగలేదు గానీ పది రోజులు లుంగీ బిగించుకోవడం కూడా కష్టమైంది. ఆ తర్వాతే బ్లేడు వెనక రివింగ్ నైఫ్ పెట్టించాం. పేరులో నైఫ్ ఉన్నా దానికి పదును ఉండదు. బ్లేడు వంపుకి తగ్గట్టు కోసిన ఇనుప రేకు, అంతే. బ్లేడు ఒళ్లు, అంటే పళ్లు కాక మిగతా బిళ్ల మందం, 1.8 మిల్లీమీటర్లు, కోత వెడల్పు 2.6. రేకు ఈ రెంటికీ మధ్యలో ఉండాలి కాబట్టి 2 మిల్లీమీటర్లది తీసుకున్నాం. పళ్లకీ రేకుకీ మధ్య సందు 5 మిల్లీమీటర్లు. రేకు పైఅంచు పళ్లకంటే 2 మిల్లీమీటర్లు కిందికే ఉంచాం. మావయ్య మిషన్లో బ్లేడు ఎత్తు మారదు, అందుకని రేకుని నేరుగా ఫ్రేముకే బోల్టు చేశాం. ఎత్తు మార్చే మిషన్లలో అలా కుదరదు, బ్లేడుతో పాటు రేకు కూడా పైకీ కిందికీ కదలాలి.

ఇక వీడియో సంగతి. "కుర్రోలకి సెప్తే ఇనరు అల్లుడూ, ఫోన్లో బొమ్మ సూపిస్తే సూస్తారు" అన్నాడు మావయ్య. నాకు బ్లెండర్ (త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్) రెండేళ్లుగా అలవాటు. ఇంతకుముందు చేసిన పెద్ద పని సిరిమాను (పైడితల్లి జాతరలో ఊరేగించే మాను) బొమ్మ. చింతమాను ఊగితే చాలు, చూడ్డానికి బావుంటుంది. ఈసారి పని అంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది.

బ్లేడు మోడలింగ్ మాత్రం గంటలో అయిపోయింది. ఒక్క పన్ను చేసి, దాన్నే వరసగా కాపీలు చేసే ఎరే మాడిఫయర్‌తో 9 డిగ్రీలకొకటి చొప్పున 40 తిప్పాను. తర్వాత నిజం వేగమే పెడదామని 4320 చుట్లకి కీఫ్రేములు (ఏ ఫ్రేములో వస్తువు ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) కట్టి సెకనుకు 30 ఫ్రేముల్లో ప్లే చేస్తే, బ్లేడు కదలకుండా నిలబడిపోయింది! ఫైలు పాడైందేమో అని అరగంట వెతికాను. తప్పు లెక్కలో ఉంది. సెకనుకు 72 చుట్లు అంటే ఒక్కో ఫ్రేముకి 2.4 చుట్లు, అంటే సరిగ్గా 96 పళ్లు. ప్రతి ఫ్రేములోనూ ఒక పన్ను పోయిన చోటికి ఇంకో పన్ను వచ్చి కూర్చుంటోంది. 25 ఫ్రేములకి మారిస్తే 115.2 పళ్లు వచ్చింది. ఆ 0.2 వల్ల బ్లేడు ఎద్దుబండి చక్రంలా బద్ధకంగా తిరుగుతున్నట్టు కనిపించింది. జాగ్రత్తలు చెప్పే వీడియోలో రంపం ఆగిపోయినట్టు కనిపిస్తే అంతకన్నా ప్రమాదం ఏముంది?

చివరికి రెండు రకాలుగా చేశాను. మామూలు వేగం చూపించే షాట్లో పళ్లు తీసేసి, అంచు అలికినట్టున్న బిళ్ల పెట్టాను. స్లో మోషన్ షాట్లో ఫ్రేముకి 3 డిగ్రీలే తిప్పాను. 1వ ఫ్రేములో 0, 121వ ఫ్రేములో 360, మధ్యలో లీనియర్, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం. మామూలుగా వచ్చే బెజియర్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగే కదలిక) అలాగే ఉంచేస్తే ప్రతి చుట్టుకీ బ్లేడు ఆగి ఆగి తిరుగుతుంది. ఇలా ఒక చుట్టుకి 4.8 సెకన్లు పడుతుంది. నిజం మిషన్ కంటే సుమారు 345 రెట్లు నెమ్మది.

రెండో వారం

చెక్క కోసుకుంటూ పోవడానికి ఒక చిట్కా దొరికింది. 2.6 మిల్లీమీటర్ల మందం ఉన్న పొడుగాటి పెట్టె ఒకటి చేసి, బ్లేడు ముందు అంచు నుంచి వెనక్కి కదలకుండా ఉంచాను. చెక్కకి బూలియన్ మాడిఫయర్ (ఒక ఆకారంలోంచి ఇంకోదాన్ని తీసేసే పనిముట్టు) పెట్టి, ఆ పెట్టె ఉన్నంత మేర తీసేయమన్నాను. ఇక చెక్కని ముందుకు తోస్తే కోత దానంతటదే పడుతుంది. కోతకి వేరే కీఫ్రేము ఒక్కటీ అక్కర్లేదు.

సంబరం మూడు రోజులే. పలక వెనక్కి తన్నే షాట్లో చెక్క గాల్లోకి లేవగానే కోత మాయమై, పలక నున్నగా అతుక్కుపోయింది. పెట్టె ఉన్నచోటే ఉంది, చెక్క దాన్ని దాటి వచ్చేసింది మరి. విరుగుడు తేలికే. ఆ ఫ్రేములో చెక్కని కాపీ చేసి, కాపీకి మాడిఫయర్ అప్లై చేశాను. అక్కడి నుంచి పాత చెక్క కనపడదు, కోత పడ్డ కాపీ కనపడుతుంది. మారిన జాడ ఎవరికీ తెలియదు.

అప్పటికి షాటు బాగానే వచ్చిందనుకుని ఫోన్లో మావయ్యకి చూపించాను. ఒకసారి చూసి, "ఇదేటల్లుడూ, సెక్క బల్ల మీద జారుతుందేటి? అలా రాదు" అన్నాడు. నేను పలకని తిన్నగా వెనక్కి జరిపాను, బండి రివర్సు చేసినట్టు. ఆయన ప్లగ్గు పీకేసి, రేకు విప్పి, చేత్తో బ్లేడు తిప్పుతూ ఒక అట్టముక్కతో చూపించాడు. ముందు వైపు పళ్లు కిందికి దిగుతూ చెక్కని బల్లకేసి నొక్కుతాయి. వెనక పళ్లు పైకి లేస్తుంటాయి. గైడుకి ఆనుకుని వెళ్లాల్సిన చెక్క కొంచెం పక్కకి తిరిగినా, కోత మూసుకుపోయినా, ఆ వెనక పళ్లకే దొరుకుతుంది. అప్పుడు ముందు దాని వెనక కొస లేస్తుంది, తర్వాత చుట్టు తిరుగుతుంది, ఆ తర్వాతే బ్లేడు మీదుగా మన మీదకి వస్తుంది. దాన్ని ఫోన్‌తో రెండు వైపుల నుంచి వీడియో తీసుకున్నాను, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. యానిమేషన్లో కూడా అవే రెండు కెమెరాలు పెట్టాను. పక్కకి తిరగడం పై నుంచే కనపడుతుంది, లేవడం పక్క నుంచే కనపడుతుంది. ఒక్క కెమెరాతో రెండూ చూపించాలని నేను పడ్డ తిప్పలన్నీ దండగ.

పంటి వేగంలో సగం అందుకున్నా పలక ఒక్క ఫ్రేములో మీటరుకు పైగా వెళ్లిపోతుంది. మామూలు వేగంలో చూపిస్తే ఒక ఫ్రేములో ఉంటుంది, మరుసటి ఫ్రేములో ఉండదు. అందుకని ఈ షాటు మొత్తం స్లో మోషనే. (అమెరికాలో సాస్టాప్ అనే మిషన్ ఉంది. ఒళ్లు తగిలితే 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోతుంది. అది సెకనుకు 25 ఫ్రేముల నా వీడియోలో ఒక ఫ్రేములో ఎనిమిదో వంతు. దాన్ని చూపించాల్సిన పని నాకు పడనందుకు సంతోషం.)

మూడో వారం, దసరా ముందు

అసలు చిక్కు ఇక్కడొచ్చింది. రేకు పెట్టాక ఏమవుతుంది? ఏమీ కాదు. చెక్క కోసుకుపోతుంది, అంతే. ఏమీ జరక్కపోవడాన్ని బొమ్మలో చూపించడం ఎలా? రెండు రోజులు దీనికే పోయాయి. రేకుకి మెరుపులు పెట్టాను, బాణం గుర్తులు పెట్టాను, అన్నీ తీసేశాను.

దారి మావయ్య మాటలోనే దొరికింది. "పచ్చి సెక్క కోస్తంటే నోరు మూసేస్తాది. మా తాత దూలాలు సేత్తో కోసినప్పుడు కోతలో సీల దిగ్గొట్టీవోడు, రంపం పట్టేయకుండా. ఇది ఇనప సీల, అంతే కదా." అప్పటిదాకా నా స్క్రిప్టులో రేకు అడ్డుగోడ. ఆయన దృష్టిలో అది చీల, కోత నోరు మూయకుండా పట్టుకునేది. ఆ మాటతో షాటు మారిపోయింది. తెరని పైనా కిందా రెండు ముక్కలు చేశాను. రెంట్లోనూ అదే పలక, అదే కెమెరా, అవే ఫ్రేములు. పై సగంలో కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది, పలక లేస్తుంది. కింది సగంలో కోత మూసుకోబోయి రేకుకి తగిలి ఆగుతుంది, పలక ముందుకు సాగుతుంది. మూసుకునే కదలికని షేప్ కీతో (ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంలోకి మెల్లగా మార్చే పద్ధతి) చేశాను. నిజానికి అది మిల్లీమీటరు కూడా ఉండదు, ఫోన్లో కనపడదు. అందుకని మూడింతలు పెంచి, ఆ మాట తెర మీద రాశాను. రేకుకి పసుపు రంగు వేశాను. "ఆయుధపూజకి నిజం రేక్కి కూడా పసుపు రాద్దాం" అన్నాడు మావయ్య.

పైన కప్పే గార్డు బొమ్మలో లేదు. ఉంటే ఏమీ కనపడదు. "చూపించడానికే తీశాం, పనిలో తీయొద్దు" అని మొదటి 3 సెకన్లు రాసి ఉంచాను. రేకు బిగించే ముందు ప్లగ్గు పీకడం, బ్లేడుకి ఎదురుగా కాక కొంచెం పక్కకి నిలబడటం, చివర్లో చేతికి బదులు కర్రతో తోయడం కూడా ఉన్నాయి. ఒక్కోటి 4 సెకన్లు.

తెలుగు అక్షరాలతో ఒక పూట పోయింది. బ్లెండర్లో నేరుగా టైపు చేస్తే వత్తులు విడిపోతున్నాయి, 'రక్షణ' అని రాస్తే క, ష విడివిడిగా పడుతున్నాయి. ఇంక్‌స్కేప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) రాసి, అక్షరాల్ని గీతలుగా, అంటే పాత్‌గా మార్చి, ఎస్‌వీజీగా తెచ్చుకుంటే సరిపోయింది. అక్షరం తప్పు పడితే మళ్లీ మొదటికే, కాబట్టి ముందే ఎవరికైనా చూపించుకోవాలి.

రంపపు పొట్టుకి 2000 పార్టికల్స్ పెడితే లాప్‌టాప్ ఏడ్చింది. 300 చాలు. మొత్తం 70 సెకన్లు, 1750 ఫ్రేములు. ఈవీలో (బ్లెండర్లో ఫ్రేముల్ని బొమ్మలుగా తీసే ఇంజను) ఒక్కో ఫ్రేముకి 9 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు. నేరుగా ఎంపీ4 వీడియో చేయకుండా, ఫ్రేముకో విడి బొమ్మ చొప్పున పీఎన్‌జీలుగా తీశాను. రాత్రి 1100 దగ్గర కరెంటు పోయింది, బ్యాటరీ కూడా దిగిపోయింది. పొద్దున్నే 1101 నుంచి మొదలుపెట్టాను. శబ్దం కొట్లో ఫోన్‌తో రికార్డు చేసిందే. మిషన్ ఖాళీగా తిరిగే మోత వేరు, చెక్క అందుకున్నప్పటి మోత వేరు, రెండూ విడిగా తీసుకోవాలి.

నిన్న సాయంత్రం

వీడియో మావయ్యకి చూపిద్దామని వెళ్తే మిషన్‌కి కొత్త బ్లేడు ఉంది. కోత 3.2 మిల్లీమీటర్లు, ఒళ్లు 2.2. "ఇది గట్టిది, టేకుక్కూడా ఆగుతాది" అన్నాడు. దాని వెనక మా 2 మిల్లీమీటర్ల రేకే ఉంది, బ్లేడు ఒంటికన్నా సన్నం. కోత మూసుకుంటే రేకు కన్నా ముందు బ్లేడుకే తగులుతుంది. ప్లగ్గు పీకించి, రేకు విప్పించి, 2.5 మిల్లీమీటర్ల రేకుకి కొలత ఇచ్చి వచ్చాను. అది వచ్చేదాకా పచ్చి చెక్క ముట్టుకోనన్నాడు.

ఫైల్లో కోత పెట్టె మందం 2.6 తీసి 3.2 చేశాను. బ్లేడు, రేకు మందాలు మార్చాను. దగ్గరి షాట్లు 400 ఫ్రేములు మళ్లీ తీయాలి. బ్లేడు మారిస్తే రేకు కొలత కూడా చూసుకోమని ఇంకో 4 సెకన్ల ముక్క కలిపాను. ఇది రాస్తుంటే 212వ ఫ్రేము నడుస్తోంది.